ఖాళీ గాడి

ఆ ఫౌండ్రీలో ఆమెను అందరూ ఎర్రసిరా అంటారు. ఏ డ్రాయింగైనా ఆమె బల్ల మీదికి తెల్లగా వెళ్ళి, ఒళ్ళంతా ఎర్రగీతలతో తిరిగొస్తుందని ఆ పేరు. పెట్టినవాడు క్రేను నడిపే పిచ్చుక. అతనిదీ మారుపేరే. క్రేను గదిలోకి ఎక్కే ఇనుప నిచ్చెన అతని బరువుకి కిర్రుమని మూలుగుతుంది. అంత మనిషి పొద్దస్తమానం పైకప్పు కింద కూర్చుంటాడు కాబట్టి పిచ్చుక అయ్యాడు. పేర్లు పెట్టడంలో ఆ ఫౌండ్రీ వాళ్ళకున్న శ్రద్ధ కాగితాలు రాయడంలో కూడా ఉండుంటే ఈ కథ ఉండేదే కాదు.

ఎర్రసిరాది డ్రాయింగు ఆఫీసులో బలం చూసే ఉద్యోగం. యంత్రంలో ఏ ముక్క మార్చినా అది మోయాల్సిన బరువు మోస్తుందా, మోస్తే ఎంతకాలం మోస్తుందో లెక్కకట్టి సంతకం పెట్టాలి. కాగితం ముందు కూర్చుంటే ఆమె ఎవర్నీ ఖాతరు చేయదు. మేనేజరు గీసిన గీతనైనా నిర్దాక్షిణ్యంగా కొట్టేస్తుంది. ఒక్క మనిషి ముందు మాత్రం ఆమెకు నోరు పెగలదు. ఆయన మెషిన్ షాపు ఫోర్‌మన్, ఆమె మేనమామ. ఆమెకు ఊహ తెలియకముందే తండ్రి పోతే, అక్కనీ మేనకోడల్నీ ఇంటికి తెచ్చుకుని, ఆ పిల్లకు తనే దగ్గర కూర్చుని లెక్కలు చెప్పి, పై చదువులు చదివించి, చివరికి తన కొడుక్కే చేసుకున్నాడు. లెక్క తప్పితే నెత్తిన మొట్టినవాడూ ఆయనే, ఒప్పయితే భుజానెక్కించుకుని వీధంతా తిప్పినవాడూ ఆయనే. ఆ ఇంట్లో ఒకటే చట్టం. పెద్దవాళ్ళకు పదిమందిలో ఎదురు చెప్పకూడదు. ఏదైనా ఉంటే తర్వాత పక్కకి పిలిచి మెల్లగా చెప్పుకోవాలి. కొడుకు ఆ చట్టాన్ని వీలు దొరికినప్పుడల్లా అతిక్రమించేవాడు. మేనకోడలు ఒక్కసారీ అతిక్రమించలేదు.

ఆ రోజు ఫౌండ్రీలో పెద్ద పోత. ఒక భారీ ప్రెస్సుకి పునాది దిమ్మ పోయాలి. గొయ్యిలో అచ్చు సిద్ధంగా ఉంది, కొలిమిలో ఇనుము కరుగుతోంది. అంతా బాగానే ఉందిగానీ ముందురోజే క్రేను గొంతు మారింది. బరువెత్తినప్పుడల్లా పైన ఎక్కడో టక్కుమని చప్పుడు. మావయ్య పైకెక్కి చూసి, లోపం పట్టుకుని, ఒక్క పూటలో బాగుచేసి దిగాడు.

ఆ లోపం సంగతి కాస్త చెప్పుకోవాలి. కరిగిన ఇనుమును మోసే పెద్ద బకెట్టుని లాడిల్ అంటారు. దాన్ని ఎత్తే ఉక్కు తాడు ఒక డ్రమ్ముకి చుట్టుకుంటుంది. ఆ డ్రమ్మునీ, దాన్ని తిప్పే పళ్ళచక్రాన్నీ కలిపి మోసేది లావుపాటి షాఫ్టు. చక్రం షాఫ్టు మీద జారకుండా, షాఫ్టులో పొడవుగా ఒక గాడి కోసి అందులో ఉక్కుముక్క బిగిస్తారు. ఆ ముక్కే కీ. ఏళ్ళు గడిచేకొద్దీ గాడి అంచులు అరిగిపోయి కీ వదులవుతుంది, టక్కుమంటుంది. అప్పుడు కొత్త షాఫ్టు తెప్పించుకోవాలి. తెప్పించుకుంటే వారాల తరబడి క్రేను పడుకుంటుంది. అందుకని ఆ మెషిన్ షాపులో ఒక వాడుక పుట్టింది. షాఫ్టుని కొంచెం పక్కకి తిప్పి, అరగని చోట కొత్త గాడి కోసి, కొత్త కీ బిగించేస్తారు. పాత గాడిని అలాగే వదిలేస్తారు. “అదేం చేస్తుంది, ఊరికే పడుంటుంది,” అంటాడు మావయ్య. కీ లేని గాడిని వాళ్ళసలు గాడి అనే అనరు, పాత గుర్తు అంటారు. ఆఫీసుకొచ్చే కాగితంలో కూడా పనిచేస్తున్న గాడి ఒక్కటే ఉంటుంది. మిగతా వాటి ఊసుండదు.

పొద్దున్నే ఎర్రసిరా బల్ల మీదికి అలాంటి కాగితమే వచ్చింది. గాడి వెడల్పు, లోతు, కీ కొలతలు. ఆమె ఒక గాడి ఉన్న షాఫ్టుగా లెక్క వేసింది. బరువు మీద షాఫ్టు గెలుపు చాలా సన్నంగా ఉంది, కానీ గెలుపే. సంతకం పెట్టేముందు ఒక గ్లాసు టీ తాగి వద్దామని క్యాంటీనుకి వెళ్ళింది. ఆ టీ తాగకపోతే సంతకం పడిపోయేదే.

క్యాంటీనులో మావయ్య చుట్టూ జనం. మేనేజరు ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

“ఈ పోత వాయిదా పడుతుందేమోనని భయపడ్డాను ఫోర్‌మన్‌గారూ. మీ చేతిలో ఏదో ఉందండీ.”

“చేతిలో ఏముంది సార్, పక్కకి తిప్పి కొత్త గాడి కొట్టాను. ఆ షాఫ్టుకి ముచ్చటగా మూడోది,” అన్నాడు మావయ్య మీసం సవరించుకుంటూ.

“ఇంకెన్ని కొడతావ్ బాబూ, చివరికి అది షాఫ్టనుకోవాలా చిల్లుల గరిటె అనుకోవాలా?” అన్నాడు పిచ్చుక. అందరూ ఘొల్లున నవ్వారు. మావయ్య కూడా నవ్వాడు.

ఎర్రసిరా చేతిలో గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. మూడా? అడగాలి. మూడూ ఒకేచోటా, గాడుల చివర్లు ఎక్కడికొచ్చాయి, మూలలు గుండ్రంగా తీశారా, పదునుగా, నిటారుగా వదిలేశారా? ప్రశ్నలన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. మావయ్య ఆమెను చూసి, “ఏం తల్లీ, నా కీ నీ లెక్కలో పాసయిందా?” అని అడిగాడు, అందరికీ వినపడేలా, మురిపెంగా. ఆమె “చూస్తున్నాను మావయ్యా,” అని గ్లాసు కింద పెట్టి వచ్చేసింది.

బల్ల దగ్గర కూర్చుని మళ్ళీ మొదలుపెట్టింది. బరువు మోయడం వేరు, అలసిపోకుండా మోయడం వేరు. నిన్న సాయంత్రం ఖాళీ లాడిల్లో ఇనుప దిమ్మలు పేర్చి ఎత్తి చూశారు, షాఫ్టు కిమ్మనలేదు. అనదు కూడా. షాఫ్టు బరువుతో తిరుగుతున్నప్పుడు దాని ఒంట్లో ప్రతి చోటూ చుట్టుకొకసారి సాగుతుంది, ఒకసారి నలుగుతుంది. ఇనుప తీగని ఒక్కసారి వంచితే ఏమీ కాదు. అటూ ఇటూ వంచుతూ పోతే ఎక్కడో ఒకచోట అలసి పుటుక్కుమంటుంది. ఆ చోటు ఏదో చెప్పేది గాడి మూల. గుడ్డకి కత్తెర గాటు పెట్టి లాగితే గాటు దగ్గరే చిరిగినట్టు, ఒత్తిడంతా వచ్చి గాడి మూలలో పోగుపడుతుంది, మూల ఎంత పదునుగా ఉంటే అంత. గాటులో ఏమైనా ఉందా, ఖాళీగా ఉందా అని గుడ్డ చూడదు. షాఫ్టూ చూడదు.

పుస్తకంలో ఒక గాడికి అంకె ఉంది. పక్కపక్కనే మూడు గాడులుంటే ఎంతో ఏ పుస్తకంలోనూ లేదు. అంత పని ఎవరూ చెయ్యరని పుస్తకం రాసినవాళ్ళ నమ్మకం. ఆమె పాత డ్రాయింగు తీసి గాడి పొడవు చూసింది. గాడి చివర చక్రం దాటి బయటికొచ్చి, షాఫ్టు లావు నుంచి సన్నానికి మారే మెట్టు దగ్గర ఆగుతోంది. మెట్టు కూడా ఒక గాటు లాంటిదే. అంటే మూడు గాడుల చివర్లూ, మెట్టూ అన్నీ ఒకే చోట. గాడుల మధ్య మిగిలిన ఉక్కు గోడలు సన్నం. మూలలు ఎప్పటిలాగే నిటారుగా ఉండి ఉంటాయి. ఎటు నుంచి లెక్కకట్టినా, ఎంత ఉదారంగా కట్టినా, గెలుపు మిగల్లేదు. పైగా మొదటి గాడి వయసు చిన్నదేం కాదు. అలసట ఎప్పుడో మొదలై ఉండాలి. లోపల పగులు ఉండే ఉంటుంది.

బ్రేకు ఉంది కదా అనుకోవచ్చు. బ్రేకు ఉండేది మోటారు పక్కన. షాఫ్టు విరిగితే బ్రేకు మోటారుని భద్రంగా పట్టుకుని కూర్చుంటుంది, లాడిల్ తన దారిన తాను కిందికొస్తుంది. కింద లాడిల్‌ని వంచే చక్రం పట్టుకుని నడిచేది ఆమె మొగుడు. మావయ్య కొడుకు.

ఆమె లేచింది. లేచినదే తిన్నగా కొలిమి దగ్గరికి పరుగెత్తి, పోత ఆపండి అని అరిస్తే అయిపోయేది. అలా చెయ్యలేదు. మెషిన్ షాపు వైపు నడిచింది. ముందు మావయ్యకి చెప్పాలి. పక్కకి పిలిచి, మెల్లగా, గాడుల సంగతి అడగాలి. ఆయనే వెళ్ళి పోత ఆపిస్తాడు, ఆయన మాటగానే ఆగుతుంది, ఆయన పెద్దరికం ఆయనకుంటుంది. పొద్దున అంతమంది మెచ్చుకున్న పనిని మధ్యాహ్నానికల్లా సొంత కోడలు తప్పుపట్టిందని నలుగురూ అనుకోవడం ఆమె ఊహించుకోలేకపోయింది. బుద్ధి గల మనిషే, అయినా ఆ క్షణంలో ఆమె బుద్ధి ఆ ఇంటి చట్టం దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

మెషిన్ షాపులో ఆయన లేడు. లేతు తిప్పుతున్నవాడు, “స్టోర్సుకెళ్ళారు,” అన్నాడు. స్టోర్సులో, “ఇప్పుడే అచ్చు చూడ్డానికి వెళ్ళారు,” అన్నారు. ఆమె నడక వేగం పెంచింది. చెప్పులు చప్పుడు చేస్తున్నాయి. వరండా మలుపులో మేనేజరు ఎదురొచ్చాడు.

“ఏమ్మా, షాఫ్టు కాగితం అయిందా? ఇంకా నా బల్ల మీదికి రాలేదు.”

చెప్పొచ్చు. ఒక్క ముక్క చాలు. ఆమె ఆయన భుజం మీదుగా వరండా చివరికి చూసింది, మావయ్య కనిపిస్తాడేమోనని.

“ఫోర్‌మన్‌గారితో ఒక మాట మాట్లాడాలి సార్. మాట్లాడి ఇచ్చేస్తాను,” అంది.

“నిదానంగా ఇవ్వు. నిన్న ఎత్తి చూశాం కదా,” అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆయన అటు మలుపు తిరిగాడో లేదో సైరను మోగింది. కొలిమి మూతి తెరిచారని దాని అర్థం. ఎర్రసిరా పరుగెత్తింది.

పోత షెడ్డులోకి వచ్చేసరికి లాడిల్ గాల్లో ఉంది. నిండా ఇనుము. దాని వెలుగుకి షెడ్డు గోడలు నారింజరంగుకి తిరిగాయి. క్రేను దాన్ని గొయ్యి మీదికి తెచ్చేసింది, ఇప్పుడు అచ్చు మీదికి దించుతోంది. పైన తాడు డ్రమ్ము తిరుగుతోంది. డ్రమ్ముతోపాటు షాఫ్టు తిరుగుతోంది. చుట్టుకొకసారి సాగడం, ఒకసారి నలగడం. కింద బావ ఒక చేత్తో వంచే చక్రం పట్టుకుని, రెండో చేత్తో ముఖానికి అడ్డున్న నల్లద్దం సర్దుకుంటున్నాడు. గొయ్యి చుట్టూ జనం.

ఆ షెడ్డులో ఒక నియమం ఉంది. రెండు చేతులూ బార చాపి ఎవరు నిలబడినా, వాళ్ళు మేనేజరైనా ఊడ్చే మనిషైనా, క్రేను నడిపేవాడు ఆ క్షణమే ఆపెయ్యాలి. ఎర్రసిరా చేతులు లేచాయి. భుజాల దాకా వచ్చాయి. అక్కడ ఆగిపోయాయి.

ఆపితే బ్రేకు పడుతుంది. దిగుతున్న అంత బరువూ ఒక్కసారి బిగుసుకుంటుంది. ఆ కుదుపు మామూలు బరువుకి రెట్టింపై వచ్చి షాఫ్టు మీద పడుతుంది. పగులున్న షాఫ్టుకి అంతకంటే కావాల్సింది లేదు. అంత దూరం నుంచి ఏ మాట అరవడానికి ఆమె పరుగెత్తుకొచ్చిందో, ఆ మాట ఇప్పుడు నోటివెంట రాకూడదు. ఆమె చేతుల్ని మెల్లగా ఒంటికి ఆనించుకుంది. పైన గదిలోంచి పిచ్చుక తనను చూడలేదు కదా అని చచ్చేంత భయపడింది. చూడలేదు. అతని కళ్ళు సైగలు చేస్తున్న మనిషి మీదే ఉన్నాయి.

సైగలు చేస్తున్నది మావయ్య. పెద్ద పోత కదా అని ఆ పని తనే తీసుకున్నాడు. గొయ్యి అంచున, అందరి మధ్యా, కుడిచేయి ఎత్తి నిలబడ్డాడు. ఇంతసేపూ ఆమె వెతుకుతున్న మనిషి దొరికాడు. పక్కకి పిలవడానికి పక్కన జాగా లేదు.

ఆమె వెళ్ళి ఆయన భుజం వెనక నిలబడింది. “మావయ్యా, ఆపించొద్దు. వేగం తగ్గించి, దించుతూనే పక్కకి తీయించండి. ఇసుక మీదికి. నేలకి ఆనేదాకా బ్రేకు పడకూడదు.”

ఆయన తల తిప్పలేదు. “ఏంటి?”

“షాఫ్టు నిలవదు. మూడు గాడులూ లెక్కలోకి తీసుకున్నాను. నిలవదు.”

“కీ ఒక దాంట్లోనే కదమ్మా. మిగతావి ఊరికే...”

“ఊరికే పడుండవు మావయ్యా.” ఆమె గొంతు పెద్దదైంది. చుట్టుపక్కల నలుగురు తిరిగి చూశారు. “మీరు చేసింది తప్పు. దించించండి.”

లాడిల్ దిగుతూనే ఉంది. మావయ్య మెడ మీద చెమట ధార కట్టింది. ఆ మాటకి ఆయన ముఖం ఎర్రబడిందో, లాడిల్ వెలుగుకి అలా కనిపించిందో వెనకున్నవాళ్ళకి తెలియలేదు. ఆయనకు లెక్క అర్థమయిందని చెప్పలేం. అర్థం చేసుకునే వ్యవధి లేదు. ఆయనకు అర్థమయింది ఒక్కటే. పుట్టి బుద్ధెరిగాక ఈ పిల్ల పదిమందిలో తనకు ఎదురు చెప్పడం ఇదే మొదలు.

ఎత్తిన కుడిచేతిలో వేళ్ళు ఒకదాన్నొకటి రాసుకున్నాయి. నెమ్మది, ఇంకా నెమ్మది. ఎడమచేయి లేచి గొయ్యి పక్కనున్న ఇసుక మడి వైపు చాచుకుంది. పైన పిచ్చుక ఒక్క క్షణం తెల్లబోయి ఉంటాడు. దించడం, పక్కకి జరపడం రెండూ కలిపి చెయ్యమని అడిగేవాళ్ళుండరు. కానీ సైగ సైగే. క్రేను ఆగకుండానే పక్కకి ఒరిగి నడిచింది. లాడిల్ కాస్త ఊగింది. ఊగినప్పుడు పైన ఎక్కడో కిర్రుమంది. ఎర్రసిరా తన చున్నీ కొసను పళ్ళతో కరిచిపట్టుకుంది.

“గొయ్యి చుట్టూ ఖాళీ చెయ్యండ్రా,” అన్నాడు మావయ్య మామూలు గొంతుతో. అరిస్తే పిచ్చుక కంగారుపడతాడు. జనం ఒకర్నొకరు నెట్టుకోకుండా వెనక్కి జరిగారు.

బావ మాత్రం లాడిల్‌ని వదల్లేదు. అచ్చు మీదికి వచ్చేశాం కదా అని అతను లాడిల్‌ని వంచడానికి తాళం మేకు ముందే ఊడదీశాడు. ఇప్పుడు చక్రం వదిలేసి పోతే లాడిల్ దానంతట అదే ఒరిగి, ఇనుమంతా వెనక్కి జరిగినవాళ్ళ మీదే పారుతుంది. అతను లాడిల్‌తోపాటే పక్కకి అడుగులు వేస్తూ, మేకుని దాని చిల్లులో పెట్టబోయాడు. పట్టలేదు. మళ్ళీ పెట్టాడు. చిల్లు అంచున గడ్డకట్టిన ఇనుపతెట్టు అడ్డం. అతను అరచేతి మొదలుతో మేకుని కొట్టాడు.

“బావా, వచ్చెయ్,” అనబోయింది ఎర్రసిరా. అనలేదు. వచ్చేస్తే ఏమవుతుందో ఆమెకూ తెలుసు. మావయ్యకూ తెలుసు. ఆయన రెండు చేతులూ గాల్లోనే ఉన్నాయి, ఒకటి నెమ్మది అంటోంది, ఒకటి పక్కకి అంటోంది. కన్నకొడుకుని రమ్మనడానికి మూడో చేయి లేదు. ఆయన పెదవులు మాత్రం కదులుతున్నాయి. మేకుని తిడుతున్నాడో, బతిమాలుతున్నాడో.

బావ ఇంకోసారి కొట్టాడు. మేకు దిగింది. అతను చక్రం వదిలి నాలుగంగల్లో గోడ దగ్గరికి చేరాడు. లాడిల్ ఇసుకలోకి ఆనింది, కూరుకుంది, నిలిచింది. తాడు వదులైంది. అప్పుడు మావయ్య చేతులు దించాడు.

తర్వాత మేనేజరు వచ్చాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఎవరు దించమన్నారు?”

“నేనే సార్,” అన్నాడు మావయ్య.

“అచ్చు అక్కడుంటే ఇక్కడ దించుతారా? ఆ ఇనుమంతా లాడిల్లోనే గడ్డకడుతుంది. ఇటు పోతా పోయింది, అటు లాడిలూ పోయింది. షాఫ్టు నిలవదంటున్నారట, విరిగిందా? లేదే, శుభ్రంగా ఉందే.”

గుంపులో గొణుగుడు మొదలైంది. కోడలు ఏదో చెప్పిందట, మామ గడగడలాడిపోయాడట. ఎర్రసిరాకి చెవులు కాలిపోతున్నాయి. షాఫ్టు విరగలేదు, నిజమే. లెక్క తప్పయితే? గాడి మూలలు ఈసారి గుండ్రంగా తీసి ఉంటే? తను పోగొట్టింది ఒక పోత కాదు, ఒక మనిషి జీవితమంతా సంపాదించుకున్న మాట. విరిగి ఉంటే బాగుండేదని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

“కిరోసిన్, సుద్దపొడి తెప్పించండి,” అన్నాడు మావయ్య ఎవరితోనో. “పైకెక్కి చూద్దాం. నువ్వూ రా అమ్మాయ్.”

క్రేను పైన డ్రమ్ము పక్కన నడవడానికి ఇనుప పలకల దారి ఉంది. మావయ్య ముందు, ఎర్రసిరా వెనక, ఆమె వెనక మేనేజరు, అందరికంటే చివర బావ ఎక్కారు. కింద జనం తలలెత్తి చూస్తున్నారు. చక్రం పక్కన షాఫ్టు మెట్టు దగ్గర మూడు గాడుల చివర్లు బయటికి కనిపిస్తున్నాయి. ఒకటి తళతళలాడుతోంది, మిగతా రెండూ మడ్డి పట్టి నల్లగా ఉన్నాయి. మూలలన్నీ నిటారుగానే ఉన్నాయి. మావయ్య మడ్డి తుడిచి, కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో ఆ చోటంతా తడిపాడు. నాననిచ్చాడు. పొడిగుడ్డతో చుక్క మిగలకుండా తుడిచాడు. సుద్దపొడి తెల్లగా పూసి, చిన్న సుత్తితో షాఫ్టు మీద టంగుటంగుమని తట్టాడు.

ఏమీ లేదు. తెల్లగా, ముద్దుగా ఉంది షాఫ్టు. మేనేజరు గట్టిగా ఊపిరి వదిలాడు, అది వినాలనే వదిలాడు. మావయ్య మళ్ళీ తట్టాడు. ఎర్రసిరా రెప్ప వెయ్యలేదు.

అన్నింటికంటే పాత గాడి మూలలో సుద్ద కాస్త తడిసినట్టయింది. చెమట చుక్క పడిందేమో అనుకున్నారు. ఆ తడి సన్నటి గీతయింది. గీత మెట్టు వెంబడి పాకింది. నెమ్మదిగా, చీమల బారులా, షాఫ్టు చుట్టూ పోతూ రెండో ఖాళీ గాడిని తాకింది. అక్కడితో ఆగలేదు. నిన్న కొట్టిన కొత్త గాడి మూల వైపు సాగి, దానికి వేలెడు దూరంలో నిలిచింది. ఉక్కులో దాక్కున్న పగులు తాను మింగిన కిరోసిన్‌ని సుద్ద మీదికి కక్కింది. షాఫ్టులో ఎంత ఉక్కు ఇంకా కలిసి ఉందో చెప్పడానికి లెక్కలు అక్కర్లేదు.

మేనేజరు దారి పక్కనున్న కటకటాలు పట్టుకున్నాడు. బావ వంగి ఆ గీతని చూసి, తర్వాత కిందికి, తను నిలబడ్డ ఇసుక వైపు చూశాడు.

మావయ్య చేతిలో సుత్తి పక్కన పెట్టి, ఇనుప పలక మీద చతికిలబడ్డాడు. “నీకెప్పుడు తెలిసింది తల్లీ?”

“క్యాంటీనులో మీరు మూడోది అన్నప్పుడే అనుమానం వచ్చింది. సైరనుకి ముందే లెక్క తేలింది.”

“సైరనుకి ముందే.” ఆయన ఆ మాటని నెమ్మదిగా తిరిగి అన్నాడు. “మేనేజరుగారు కనిపించలేదా?”

“కనిపించారు.”

“మరి?”

“ముందు మీకు చెబుదామని.” ఆమె కళ్ళు నిండిపోయాయి. “మీ కోసం మెషిన్ షాపుకెళ్ళాను. స్టోర్సుకెళ్ళాను.”

“లాడిల్ కింద ఉండేది వీడేనని తెలుసా నీకు?”

“తెలుసు మావయ్యా.”

ఆయన కొడుకు వంక చూశాడు. బావ అరచేతి మొదలు కమిలిపోయి ఉంది. మావయ్య ఆ చెయ్యి అందుకుని, చిన్నపిల్లాడి చెయ్యి చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి వదిలేశాడు. ఎర్రసిరా ఆయన కోపం కోసం ఎదురుచూసింది. కోపమైతే భరించగలదు.

“నేనే అలా పెంచాను నిన్ను,” అన్నాడాయన. “లెక్కలన్నీ నేర్పించి, వాటిని పైకి చెప్పకుండా నోరు నేనే కట్టేశాను.”

“అలా అనకండి.”

“ఇలా ముందుకు రా.” ఆయన కటకటాలు పట్టుకుని లేచాడు. కింద జనం ఇంకా తలలెత్తే ఉన్నారు. “ఇందాక నాతో అన్నావే, ఆ మాట మళ్ళీ అను. ఇప్పుడు అందరూ ఉన్నారు.”

ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల అడ్డంగా ఊపింది. “వద్దు మావయ్యా, ఇంటికెళ్ళాక...”

“ఇంట్లో కాదు. ఇక్కడే. అను.”

ఆమె కటకటాల దగ్గరికి వచ్చింది. “ఖాళీ గాడి కూడా గాడే. మూడూ లెక్కలోకి వస్తాయి,” అంది. గొంతు తన చున్నీ దాటి పోలేదు.

“నా పేరు లేదు అందులో.”

“మావయ్య చేసింది తప్పు.”

“వినపళ్ళేదు తల్లీ. అదిగో, ఆ గోడ దగ్గర నిలబడ్డవాడు తనకు చెవుడంటున్నాడు.”

బావ కమిలిన చెయ్యి తెచ్చి ఆమె వీపు మీద ఆనించాడు. ఆమె గాలి పీల్చుకుంది. పెంచినవాడు పక్కనే నిలబడి, నెత్తిన మొట్టిన ఆ రోజుల్లోలాగే, జవాబు కోసం తన ముఖంలోకి చూస్తున్నాడు.

“మావయ్య చేసింది తప్పు,” అంది ఎర్రసిరా. ఈసారి గోడ దగ్గరున్నవాడి దాకా వినపడింది. మావయ్య తలూపి, సుద్ద అంటిన చేత్తోనే ముఖం తుడుచుకున్నాడు.